ఆర్‌ఆర్‌ఎస్‌పీ లోన్‌తో ఇంటి డౌన్ పేమెంట్: కెనడాలో ఏ క్రమంలో చేయాలి, ఎక్కడ ఆగాలి

కెనడాలో జనవరి నెలాఖరు నుంచి మార్చి మొదటి వారం దాకా ఏ బ్యాంకు గుమ్మం తొక్కినా ఆర్‌ఆర్‌ఎస్‌పీ లోన్ తీసుకోమనే మాటే వినిపిస్తుంది. ఇల్లు కొనే ఆలోచనలో ఉన్నవారికి ఆ మాటను మరింత ఇంపుగా చెబుతారు. అప్పు తీసుకుని ఆర్‌ఆర్‌ఎస్‌పీ అనే పదవీ విరమణ పొదుపు ఖాతాలో వేయండి, పన్ను రీఫండ్ వస్తుంది, మూడు నెలలు ఆగి హోమ్ బయ్యర్స్ ప్లాన్ కింద అదే డబ్బును పన్ను లేకుండా తీసి డౌన్ పేమెంట్ కట్టండి అంటారు. చట్టప్రకారం ఇందులో తప్పేమీ లేదు, పద్ధతిగా చేస్తే ప్రయోజనం కూడా ఉంది. అయితే ఈ ఏర్పాటు వల్ల కొత్తగా చేతికి వచ్చేది రీఫండ్ ఒక్కటే. అప్పుగా తెచ్చిన అసలును మాత్రం బ్యాంకుకు ఒకసారి, మీ సొంత ఆర్‌ఆర్‌ఎస్‌పీకి ఇంకోసారి, మొత్తం రెండుసార్లు తీర్చవలసి ఉంటుంది. ఈ సంగతి లెక్కలో పెట్టుకుని అడుగు వేసేవారికే ఈ మార్గం కలిసివస్తుంది.

ముందు రూమ్ ఎంత ఉందో చూసుకోవాలి

అప్పు దరఖాస్తుకు వెళ్లే ముందు కెనడా రెవెన్యూ ఏజెన్సీ పంపిన తాజా నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్ అనే పన్ను నిర్ధారణ పత్రం తీసి, అందులో ఆర్‌ఆర్‌ఎస్‌పీ డిడక్షన్ లిమిట్ అనే చోట ఎంత రాసి ఉందో చూడండి. ఖాతాలో మీరు జమచేయగల ఆ పరిమితినే రూమ్ అంటారు. ఏజెన్సీ వారి మై అకౌంట్‌లోనూ ఆ అంకె కనిపిస్తుంది. గత సంవత్సరపు సంపాదిత ఆదాయంలో 18 శాతం, లేదా ఆ సంవత్సరానికి ప్రకటించిన గరిష్ఠ పరిమితి, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంత రూమ్ ఏటా కొత్తగా చేరుతుంది. 2025కు ఆ గరిష్ఠ పరిమితి 32,490 డాలర్లు. మీ కంపెనీలో పెన్షన్ ప్లాన్ ఉంటే దాని మేరకు రూమ్ తగ్గుతుంది. వాడుకోని రూమ్ మాత్రం ఎన్నేళ్లయినా మురిగిపోదు.

కొత్తగా వచ్చినవారు ఇక్కడే పొరబడుతుంటారు. వలస రాకముందు ఇండియాలో సంపాదించిన జీతం ఈ లెక్కలోకి రాదు. కెనడాలో ఉద్యోగం చేసిన ఏడాదికి రిటర్న్ దాఖలు చేస్తే, ఆ ఏడాదికి మరుసటి సంవత్సరం నుంచే రూమ్ మొదలవుతుంది. రూమ్ కంటే ఎక్కువ జమచేస్తే 2,000 డాలర్ల వరకు మన్నింపు ఉంటుంది గానీ, ఆ పైన మిగిలిన ప్రతి డాలరుపై నెలకు 1 శాతం పన్ను పడుతుంది. రూమ్ 11,000 ఉన్నవారికి కూడా 20,000 లోన్ మంజూరు కావచ్చు. అదనంగా వేసిన సొమ్ముకు జరిమానా కట్టవలసింది మాత్రం మీరే కనుక ఈ అంకెను ఎవరి మాట మీదా వదిలేయవద్దు.

ఇంటి విషయంలో అర్హత

హోమ్ బయ్యర్స్ ప్లాన్ 1992లో 20,000 డాలర్ల పరిమితితో మొదలైంది. 2024 ఏప్రిల్ 16 తరువాత తీసే డబ్బుకు ఆ పరిమితి 35,000 నుంచి 60,000కు పెరిగింది. భార్యాభర్తలిద్దరికీ అర్హత ఉండి, ఇద్దరి ఖాతాల్లోనూ సొమ్ము ఉంటే 1,20,000 దాకా తీయవచ్చు. తీసేనాటికి మీరు కెనడా నివాసులై ఉండాలి, ఇల్లు కొనడానికో కట్టించుకోవడానికో రాతపూర్వక ఒప్పందం చేతిలో ఉండాలి, కొన్న ఏడాదిలోగా ఆ ఇంట్లో సొంత నివాసంగా చేరే ఉద్దేశం ఉండాలి. ఇంతకుముందు ఈ ప్లాన్ వాడుకుని ఉంటే, పాత బాకీ డబ్బు తీసే సంవత్సరం జనవరి 1 నాటికి పూర్తిగా తీరిపోయి ఉండాలి.

మొదటిసారి ఇల్లు కొనేవారు అనే మాటకు చట్టంలో ఉన్న అర్థం మన వాడుకలోని అర్థం కంటే వేరు. డబ్బు తీసే సంవత్సరానికి ముందు నాలుగో సంవత్సరం జనవరి 1 నుంచి, తీసే రోజుకు 31 రోజుల ముందు వరకు, మీ పేరునో మీ జీవిత భాగస్వామి పేరునో ఉన్న ఇంట్లో మీరు సొంత నివాసంగా ఉండకూడదు. ఆ ఇల్లు కెనడాలోనే ఉండనక్కర లేదు. ఇండియాలో సొంత ఫ్లాట్‌లో కాపురం ఉండి 2023 జూన్‌లో ఇక్కడికి వచ్చినవారు 2026లో ఈ ప్లాన్ వాడుకోలేరు, ఎందుకంటే వారి విషయంలో చూడవలసిన కాలం 2022 జనవరి 1 నుంచే మొదలవుతుంది. వారికి 2028లో దారి తెరుచుకుంటుంది. నాన్నగారి పేరున ఉన్న ఇంట్లో ఉండి వచ్చినవారికి గానీ, తమ పేరున ఫ్లాట్ ఉన్నా అందులో ఎన్నడూ ఉండకుండా అద్దెకు ఇచ్చినవారికి గానీ ఈ అడ్డు లేదు. వైకల్యం ఉన్నవారికి, విడిపోయిన దంపతులకు కొన్ని సడలింపులు ఉన్నాయి.

అప్పు కంటే ముందు చూడవలసిన ఖాతా

2023 ఏప్రిల్ 1 నుంచి అందుబాటులోకి వచ్చిన ఫస్ట్ హోమ్ సేవింగ్స్ అకౌంట్‌ను ఇంకా తెరవకపోతే, లోన్ సంగతి పక్కన పెట్టి ముందు ఆ ఖాతా తెరవండి. అందులో ఏడాదికి 8,000, జీవితకాలంలో 40,000 డాలర్లు జమచేయవచ్చు. ఆర్‌ఆర్‌ఎస్‌పీ లాగే ఆ మొత్తానికి పన్ను మినహాయింపు ఉంటుంది, ఇల్లు కొనేటప్పుడు పన్ను లేకుండా తీసుకోవచ్చు, తీసినదాన్ని తిరిగి జమచేసే బాధ్యతే లేదు. వేసిన డబ్బు 90 రోజులు ఖాతాలోనే ఉండాలనే ఆర్‌ఆర్‌ఎస్‌పీ నిబంధన కూడా దీనికి లేదు. సంపాదిత ఆదాయంతో నిమిత్తం లేదు కనుక కొత్తగా వచ్చినవారికి ఇది మరీ అనువైనది. ఆర్‌ఆర్‌ఎస్‌పీకి ఉన్నట్టు మొదటి 60 రోజుల్లో వేసినదాన్ని గత సంవత్సరానికి చూపించుకునే వీలు ఒక్కటే దీనికి లేదు. ఒకే ఇంటికి ఈ ఖాతా సొమ్మునూ హోమ్ బయ్యర్స్ ప్లాన్ సొమ్మునూ కలిపి వాడుకోవచ్చు.

అలాగే బ్యాంకు పొదుపు ఖాతాలోనో టీఎఫ్‌ఎస్‌ఏ అనే పన్ను లేని పొదుపు ఖాతాలోనో డౌన్ పేమెంట్ కోసం దాచిన డబ్బు ఉన్నవారికి లోన్ అవసరమే లేదు. ఆ డబ్బునే ఆర్‌ఆర్‌ఎస్‌పీ మీదుగా నడిపిస్తే వడ్డీ లేకుండా అదే రీఫండ్ వస్తుంది. నా ఉద్దేశంలో లోన్ అనేది రూమ్ పుష్కలంగా ఉండి, చేతిలో నగదు లేక, కొనే రోజు దగ్గరపడినవారి కోసం మాత్రమే.

లెక్క వేసి చూద్దాం

ఒంటారియోలో ఏడాదికి 90,000 డాలర్ల జీతం ఉన్న ఒక ఉద్యోగి 20,000 డాలర్ల లోన్ తీసుకుని ఆర్‌ఆర్‌ఎస్‌పీలో జమచేశారనుకుందాం. వడ్డీ 7 శాతం అనుకుందాం. ఆ ఆదాయానికి ఫెడరల్ పన్ను 20.5 శాతం, ప్రావిన్స్ పన్ను 9.15 శాతం కలిపి 29.65 శాతం అవుతుంది కనుక రీఫండ్ సుమారు 5,930 డాలర్లు వస్తుంది. పిల్లలున్న కుటుంబమైతే నికర ఆదాయం తగ్గినందువల్ల జూలై నుంచి కెనడా చైల్డ్ బెనిఫిట్ కూడా కొంత పెరగవచ్చు. లోన్ మీద కట్టే వడ్డీకి మాత్రం పన్ను మినహాయింపు లేదు. మామూలు పెట్టుబడి కోసం తెచ్చిన అప్పు వడ్డీని చూపించుకోవచ్చు గానీ, ఆర్‌ఆర్‌ఎస్‌పీ కోసం తెచ్చిన అప్పు వడ్డీని చూపించుకునే వీల్లేదు.

ఇక్కడి నుంచి రెండు దారులున్నాయి. మొదటి దారిలో, 95 రోజుల తరువాత హోమ్ బయ్యర్స్ ప్లాన్ కింద 20,000 తీసి, అదే రోజు లోన్ అసలు తీర్చివేస్తారు. రోజుకు 3 డాలర్ల 84 సెంట్ల చొప్పున వడ్డీ 364 డాలర్లు పోగా 5,560 డాలర్ల పైచిలుకు మిగులుతుంది. డౌన్ పేమెంట్‌కు కలిసేది ఆ మొత్తమే. మూడు నెలల ఓపికకూ నాలుగు కాగితాలకూ ఇది మంచి ప్రతిఫలమే. చాలా బ్యాంకులు మొదటి వాయిదాను కొన్ని నెలలు వాయిదా వేస్తాయి కనుక ఈ మధ్యకాలంలో జేబుకు పెద్దగా భారం తెలియదు. ఆ గడువులో వడ్డీ పెరుగుతూనే ఉంటుందని మాత్రం మరచిపోకూడదు.

రెండో దారిలో లోన్ తీర్చకుండా 20,000 మొత్తాన్నీ డౌన్ పేమెంట్‌కు వాడుకుని, రీఫండ్‌తో అప్పును 14,070కి తగ్గించి, ఆ మిగిలినదాన్ని మూడేళ్లలో కడతారు. నెల వాయిదా సుమారు 434 డాలర్లు, మొత్తం వడ్డీ 1,570 దాకా అవుతుంది. ఇంతవరకు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అయితే మార్ట్‌గేజ్, అంటే ఇంటి రుణం, ఇచ్చేవారు మీ ఆదాయంలో ఇంటి ఖర్చులకూ ఇతర అప్పుల వాయిదాలకూ కలిపి ఎంత పోతుందో చూస్తారు. సీఎంహెచ్‌సీ అనే ప్రభుత్వ గృహ సంస్థ బీమా ఉన్న మార్ట్‌గేజ్‌కు ఆ హద్దు 44 శాతం. ఇప్పటికే ఆ హద్దును ఆనుకుని ఉన్నవారికి ఈ 434 డాలర్లు పెద్ద దెబ్బ. వడ్డీ పెరిగినా కట్టగలరా అని చూసే స్ట్రెస్ టెస్ట్ కోసం 7 శాతం వడ్డీ వద్ద 25 ఏళ్ల మార్ట్‌గేజ్ లెక్క వేస్తే, నెలకు 434 డాలర్లు అంటే దాదాపు 62,000 డాలర్ల మార్ట్‌గేజ్‌తో సమానం. 14,070 డాలర్ల అప్పు నిలుపుకోవడం వల్ల 62,000 డాలర్ల రుణ అర్హత తగ్గడం ఎవరికీ గిట్టుబాటు కాదు. అందుచేత రెండో దారి ఎంచుకునేవారు లోన్ మీద సంతకం చేయకముందే మార్ట్‌గేజ్ బ్రోకర్‌కు ఈ అప్పు సంగతి చెప్పి, దానితో కలిపి ప్రీ అప్రూవల్ లెక్క వేయించుకోవాలి. డౌన్ పేమెంట్ సొమ్ము ఎక్కడినుంచి వచ్చిందో చూపించమని 90 రోజుల ఖాతా వివరాలు అడగడం మామూలే, అందులో లోన్ ఎలాగూ కనిపిస్తుంది.

కనీస డౌన్ పేమెంట్ ఎంత కావాలో కూడా ఇప్పుడే తేల్చుకోండి. ధరలో మొదటి 5,00,000కు 5 శాతం, ఆ పైన 15,00,000 లోపు ఉన్న భాగానికి 10 శాతం. 6,00,000 డాలర్ల ఇంటికి 35,000 అవుతుంది.

90 రోజులను వేళ్ల మీద లెక్కపెట్టండి

మొత్తం వ్యవహారంలో ఎక్కువమంది చేతులు కాల్చుకునేది ఈ ఒక్క చోటే. ఆర్‌ఆర్‌ఎస్‌పీలో వేసిన డబ్బు కనీసం 90 రోజులు అక్కడే ఉండాలి. అంతకుముందే తీస్తే, తీయడం చెల్లుతుంది గానీ ఆ జమకు పన్ను మినహాయింపు పోవచ్చు. 90 రోజులంటే మూడు నెలలని అనుకుంటే కొంప మునుగుతుంది. 2026 ఫిబ్రవరి 20న జమచేసిన సొమ్ముకు మే 20 నాటికి మూడు నెలలు నిండుతాయి, 90వ రోజు మాత్రం మే 21. జమ తేదీ అంటే మీరు సంతకం చేసిన తేదీ కాదు, డబ్బు ఖాతాలో పడిన తేదీ. కనుక పైన ఒక వారం వెసులుబాటు పెట్టుకోవడం మేలు.

మా సొంత ఇంటి విషయంలో నేను ఫిబ్రవరి 27న జమచేశాను, ఇల్లు మా పేరు మీదకు వచ్చే క్లోజింగ్ రోజు మే 22. అప్పట్లో బ్యాంకులో కూర్చున్న సలహాదారు మూడు నెలలు ఇట్టే గడిచిపోతాయని భరోసా ఇచ్చి, మే 20కల్లా డబ్బు తీసుకోవచ్చని కాగితం మీద రాసి ఇచ్చారు. ఏప్రిల్‌లో ఒక రాత్రి వంటింటి గోడ మీది క్యాలెండర్ దించి, పెన్సిలుతో ఒక్కో గడిలో అంకె వేసుకుంటూ పోతే క్లోజింగ్ రోజు 84వ గడిలో పడింది. ఆ ఖాతాలో పాత సొమ్మేమీ లేదు కనుక ఆ రోజు తీసి ఉంటే మొత్తం మినహాయింపు పోయి, అప్పటికే ఖర్చుపెట్టిన రీఫండ్‌ను వడ్డీతో సహా వెనక్కి కట్టవలసి వచ్చేది. చివరికి లైన్ ఆఫ్ క్రెడిట్ మీద వారం రోజులకు డబ్బు తెచ్చి క్లోజింగ్ ముగించి, మే 29న ఆర్‌ఆర్‌ఎస్‌పీ నుంచి తీసి దాన్ని తీర్చేశాము. ఇల్లు మీ పేరు మీదకు వచ్చిన 30 రోజుల వరకు ఈ ప్లాన్ కింద డబ్బు తీయవచ్చుననే నిబంధన మమ్మల్ని కాపాడింది. 31వ రోజు అయితే ఆ తలుపు మూసుకుపోతుంది.

ఖాతాలో ముందునుంచే సొమ్ము ఉన్నవారికి కొంత వెసులుబాటు ఉంది. పాత నిల్వ 15,000 ఉండగా కొత్తగా 10,000 వేశారనుకోండి. 90 రోజులు నిండకముందు 15,000 వరకు తీసినా ఇబ్బంది లేదు, ఎందుకంటే కొత్తగా వేసిన 10,000కు సరిపడా ఇంకా లోపలే ఉంటుంది. 18,000 తీస్తే మాత్రం 3,000 మేరకు మినహాయింపు పోతుంది.

ఈ మూడు నెలలూ ఆ డబ్బును పొదుపు ఖాతా తరహాలోనో, ఎప్పుడు కావాలంటే అప్పుడు విడిపించుకోగల జీఐసీ అనే డిపాజిట్‌లోనో ఉంచండి. లాభం వస్తుందని షేర్లలో పెట్టడం, ఏడాదికి తాళం పడే జీఐసీ కొనడం రెండూ తెలివితక్కువ పనులే. పదవీ విరమణ దాకా తీయనివ్వని లాక్డ్ ఇన్ ఖాతాల నుంచి ఈ ప్లాన్ కింద తీయడం కుదరదు, కంపెనీ గ్రూప్ ఆర్‌ఆర్‌ఎస్‌పీలలో కొన్ని ఉద్యోగంలో ఉండగా తీయనివ్వవు.

జమ, రిటర్న్, టీ1036

గత సంవత్సరపు పన్నుకు చూపించుకోవాలంటే కొత్త సంవత్సరం మొదటి 60 రోజుల్లోగా జమచేయాలి. 2025 పన్ను సంవత్సరానికి ఆఖరి రోజు 2026 మార్చి 2, ఎందుకంటే మార్చి 1 ఆదివారం వచ్చింది. జమకు బ్యాంకు ఇచ్చే రసీదు జాగ్రత్త చేసి, రిటర్న్‌లో షెడ్యూల్ 7 నింపి, లైన్ 20800లో మినహాయింపు చూపించండి. ఆన్‌లైన్‌లో దాఖలు చేస్తే సాధారణంగా రెండు వారాల్లో రీఫండ్ వస్తుంది. ఏజెన్సీకి పాత బాకీ ఏదైనా ఉంటే ముందు దాన్ని మినహాయించుకుంటారు.

డబ్బు తీసే సమయం వచ్చినప్పుడు టీ1036 అనే ఫారం నింపి మీ ఆర్‌ఆర్‌ఎస్‌పీ ఉన్న సంస్థకు ఇవ్వాలి. ఏజెన్సీకి పంపనక్కర లేదు. మొదటి భాగంలో మీరు కెనడా నివాసులా, రాతపూర్వక ఒప్పందం ఉందా, ఆ ఇంట్లో ఏడాదిలోగా చేరే ఉద్దేశం ఉందా, ఆ ఇల్లు మీ చేతికి వచ్చి 30 రోజులు దాటిందా వంటి ప్రశ్నలకు అవునో కాదో గుర్తు పెట్టి, ఇంటి చిరునామా రాయాలి. రెండో భాగం ఆ సంస్థ నింపుతుంది. ఈ ఫారం లేకుండా తీస్తే అది మామూలు ఉపసంహరణగా లెక్కకు వచ్చి అక్కడికక్కడే పన్ను కోత పడుతుంది. రెండు మూడు సంస్థల్లో ఖాతాలుంటే ఒక్కోదానికి ఒక్కో ఫారం. తీయవలసినదంతా ఒకే క్యాలెండర్ సంవత్సరంలో తీయాలి, మరుసటి జనవరిలో తీసినదాన్ని మాత్రం కలుపుకోనిస్తారు. 2026లో తీసినవారు 2027 అక్టోబర్ 1కి ముందు ఇల్లు కొనడమో కట్టించుకోవడమో పూర్తిచేయాలి. బేరం చెడిపోయి మరో ఇల్లు కూడా కుదరకపోతే, తీసిన మరుసటి సంవత్సరం డిసెంబర్ 31లోగా సొమ్మును తిరిగి వేసి ఆర్‌సీ471 ఫారంతో రద్దు చేసుకోవచ్చు.

తిరిగి కట్టడం

ప్లాన్ కింద తీసిన సొమ్మును 15 ఏళ్లలో ఏటా ఒక భాగం చొప్పున ఆర్‌ఆర్‌ఎస్‌పీలో తిరిగి వేయాలి. 20,000ను 15 భాగాలు చేస్తే ఏడాదికి 1,333 డాలర్లు, నెలకు 111. 2026లో తీసినవారికి మొదటి భాగం 2028 సంవత్సరానిది, దాన్ని 2029 మార్చి 1లోగా వేయవచ్చు. 2022 జనవరి 1 నుంచి 2025 డిసెంబర్ 31 మధ్య మొదటిసారి తీసినవారికి రెండో సంవత్సరానికి బదులు ఐదో సంవత్సరం నుంచి మొదలవుతుంది. ఈ చెల్లింపులకు రూమ్ అక్కర లేదు, వాటికి మళ్లీ మినహాయింపు కూడా ఉండదు. ఆర్‌ఆర్‌ఎస్‌పీలో వేసినంత మాత్రాన చెల్లింపు అయినట్టు కాదు. రిటర్న్‌తో పాటు షెడ్యూల్ 7లో లైన్ 24600 దగ్గర ఇది ప్లాన్ చెల్లింపు అని రాయాలి. రాయకపోతే ఆ జమ వేరే లెక్కలోకి వెళ్లిపోయి, చెల్లించవలసిన భాగం ఆ ఏడాది మీ ఆదాయానికి కలిసిపోతుంది.

ఏ సంవత్సరమైనా కట్టలేకపోతే ఆ 1,333 డాలర్లు లైన్ 12900లో ఆదాయంగా చేరుతాయి. పై ఉదాహరణలోని ఉద్యోగి అదే శ్లాబులో ఉంటే దాని మీద పన్ను 395 డాలర్లు. పదిహేనేళ్లూ ఒక్క డాలరు కూడా తిరిగి వేయకపోతే కట్టే పన్ను మొత్తం 5,930, అంటే మొదట వచ్చిన రీఫండ్ పైసాతో సహా వెనక్కి పోయినట్టే. అయినా దాన్ని పదిహేనేళ్లకు వడ్డీ లేని అప్పుగా చూసి నిశ్చింతగా ఉండేవారు నాకు తెలుసు. అందులో తర్కం లేకపోలేదు గానీ, వాడేసిన 20,000 డాలర్ల రూమ్ మళ్లీ రాదు, జీతం పెరిగి పై శ్లాబులోకి వెళ్తే పన్ను కూడా పెరుగుతుంది. నెలకు 111 డాలర్లు ఖాతాలోంచి దానంతట అదే వెళ్లేటట్టు ఏర్పాటు చేసుకోవడం తేలిక.

మనవాళ్లలో చాలామందికి ఉద్యోగం అమెరికాకు మారడమో, తల్లిదండ్రుల కోసం ఇండియాకు తిరిగి వెళ్లడమో జరుగుతుంటుంది కనుక ఈ ఒక్క నిబంధన గుర్తుంచుకోవాలి. కెనడా నివాసం వదిలితే 15 ఏళ్ల గడువు వర్తించదు. నివాసం వదిలిన 60 రోజుల్లోగా, లేదా ఆ సంవత్సరపు రిటర్న్ దాఖలు చేసేలోగా, ఏది ముందైతే దాని ప్రకారం మిగిలిన బాకీ మొత్తాన్ని ఆర్‌ఆర్‌ఎస్‌పీలో తిరిగి వేయాలి. వేయనిదంతా నివాసిగా ఉన్న ఆఖరి కాలపు ఆదాయంలో ఒక్కసారిగా చేరుతుంది.